ఎర్ర చాప మీద పెట్టిన ఇల్లు

ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజే నానమ్మ నా గది తలుపు మీద ఒక చీటీ అంటించింది. ఎర్రటి పెద్ద అక్షరాలతో "పగిలేది, జాగ్రత్త" అని. ఇది మర్యాదో అవమానమో తేల్చుకోలేక నేను చూస్తుంటే, ఆవిడ చేతిలోని టేపు మిషన్‌ని టర్రుమనిపించి, "పరాయి ఊరి నుంచి వచ్చిన సరుకువి కదమ్మా. మావాళ్ళు చూసుకోకుండా నీ మీద ఏ బీరువానో దించేస్తారు," అంది. ఆ పూట నుంచి ఆ ఇంట్లో నా పేరు గాజుబొమ్మ.

నేను దేశం కాని దేశం వచ్చింది ఇళ్ళు గీసే చదువు కోసం. ఉండడానికి ఒక కుటుంబాన్ని కాలేజీవాళ్ళే చూపించారు. ఆ కుటుంబం చేసేది ఇళ్ళు మార్చే పని. ఒక ఇంట్లో సామాన్లు లారీ ఎక్కించి ఇంకో ఇంట్లో దించడం. ఉన్నది ముగ్గురే. లారీ నడిపేది, బరువులెత్తేది, ఎవరు ఎటు తిరగాలో చెప్పేది ఆ ఇంటి ఇల్లాలు. రెండో చివర పట్టుకునేది ఆవిడ మొగుడు. గాజు సామాన్లు, పింగాణీ పొట్లాలు కట్టేది ఆయన తల్లి. పేర్లు పెట్టి పిలవమన్నారు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడానికి నా నోరు తిరిగితేగా! పిన్నీ, బాబాయ్, నానమ్మా అన్నాను. ఆ పిలుపులకి అర్థం చెప్పాక నానమ్మ "అయితే అందరికన్నా నేనే పెద్దన్నమాట" అని తెగ మురిసిపోయింది. వాళ్ళ మాటలు వాళ్ళ భాషవే గానీ, నా చెవిన ఎప్పుడూ తెలుగులోనే పడేవి. అలాగే చెబుతాను.

పిన్ని పొట్టి మనిషి, రుబ్బురోలులా గట్టిగా ఉంటుంది. సామాన్లు కట్టే పురికొసతోనే జుట్టు ముడేసుకుంటుంది. ఎవరింటికెళ్ళినా ముందు మనుషుల్ని చూడదు, మెట్లు చూస్తుంది. ఒకసారి ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని, "అబ్బాయి బంగారం. కానీ ఆ ఇంటి మెట్ల మీద నీ మంచం ఎక్కదు తల్లీ, ఆలోచించుకో," అని చెప్పి వచ్చింది. ఎత్తబోయే ముందు బీరువాల్ని బుజ్జగిస్తుంది. "రా నా తల్లీ, ఇవాళ అల్లరి చెయ్యకు, బంగారు కొండవి కదూ," అంటుంది. ఒకసారి బరువు చేతిలోకి వచ్చాక మాత్రం మూడే మాటలు: ఆగు, తిప్పు, దించు. ఎత్తినదాన్ని దించేదాకా నాలుగో మాట రాకూడదన్నది ఆవిడ శాసనం. బాబాయి వట్టి వాగుడుకాయ. ఆయనకి ఈ శాసనం ప్రాణసంకటం. చెప్పాలనుకున్నవన్నీ బుగ్గల్లో దాచుకుని, బరువు నేల తాకగానే గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాడు.

ఆదివారాలు పని ఉండదు. పని లేకపోతే పిన్నికి చేతులు దురదపెడతాయి. అందుకని ఆదివారం సొంత ఇంటి సామానే మార్చేది. నేను గుడ్డలు ఉతుక్కొచ్చేసరికి కిటికీ దగ్గరి నా మంచం ఎదురు గోడకి చేరేది, వంటింటి బల్ల మెట్ల కిందికి వెళ్ళేది. ఒకసారి నిలువుటద్దం నా గది ఎదుటికి వచ్చింది. తెల్లారి నిద్రకళ్ళతో తలుపు తీసి, ఎదురుగా జుట్టు విరబోసుకున్న మనిషిని చూసి, "ఎవరండీ మీరు?" అన్నాను. బాబాయి ఆ ముక్క నెలరోజులు ఊరంతా చెప్పుకున్నాడు.

నానమ్మ పొట్లం కడితే విప్పడం ఎవరి తరమూ కాదు. నా మధ్యాహ్నం భోజనం కూడా ఆవిడే కట్టేది. ఉడికించిన గుడ్డుకి కాగితం, దాని మీద గుడ్డ, దాని మీద బుడగల ప్లాస్టిక్, పైన టేపు. క్లాసులో నేను కత్తెర తీస్తే చాలు, అందరూ చుట్టూ మూగేవాళ్ళు. ఎంత చుట్టినా లోపల గుడ్డు వెచ్చగా ఉండేది.

అంతా బాగానే ఉంది గానీ, నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. ఆ ఇంట్లో నన్ను పూచికపుల్ల ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. కుర్చీ జరపబోతే, "గాజుబొమ్మా, నువ్వాగు!" నీళ్ళ బిందె పట్టుకుంటే, "వద్దొద్దు, నడుం పట్టేస్తుంది!" నేనేమన్నా మైనం ముద్దనా? మా ఇంట్లో బియ్యం బస్తా పైకెక్కించింది నేనే. ఎన్నిసార్లు చెప్పినా, "అతిథివి కదమ్మా" అని నవ్వేవాళ్ళు. అతిథి అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ముగ్గురు కలిసి ఏదో ఒకటి మోస్తూ ఉంటే, నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డం. చుట్టపుచూపుగా వచ్చినదాన్ని చుట్టపుచూపుగానే ఉంచేశారు.

ఇక ఎర్ర చాప. ఆ ఇంటి వాకిట్లో, తలుపు పక్కన ఒక ఎర్ర చాప ఉండేది. దాని మీద ఏది పెడితే అది లారీ ఎక్కుతుంది. అడగడం, ఆలోచించడం లేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు. ఒకసారి పక్కింటి పిల్లి దాని మీద కునుకు తీసి, పొరుగూళ్ళో లేచిందట.

పరీక్షల కాలం వచ్చింది. మా మేష్టారు గడ్డం కింద ఎప్పుడూ స్కేలు పెట్టుకుని నిలబడతాడు కాబట్టి అందరం ఆయన్ని స్కేలు మేష్టారు అనేవాళ్ళం. ఆయన ఇచ్చిన ఆఖరి పని ఇది: మీకు తెలిసిన ఒక కుటుంబం కోసం ఇల్లు గీసి, దాని నమూనా తెల్ల అట్టతో చేసి తీసుకురావాలి. తెల్ల అట్ట తప్ప ఇంకోటి వాడితే ఊరుకోడు. మధ్యాహ్నం రెండింటికి బల్ల మీద నమూనా లేకపోతే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే కాలేజీ ఇచ్చే ఆసరా పోతుంది, ఆసరా పోతే నేను పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. ఇంకో దారి లేదు.

నాకు తెలిసిన కుటుంబం ఇంకెవరుంది? వీళ్ళకే ఇల్లు కట్టాను. మెట్లెక్కక్కర్లేకుండా కిందే నానమ్మ గది, కిటికీ పక్కన కూర్చుని పొట్లాలు కట్టుకోవడానికి అరుగు. బీరువా అడ్డంగా తిరిగేంత వెడల్పుగా మెట్ల మలుపు. పక్కన లారీకి షెడ్డు, అందులో అగ్గిపెట్టెంత లారీ. బాబాయి కూర్చుని కబుర్లు చెప్పడానికి వీధి వైపు చిన్న వసారా. వాకిట్లో గోరంత చాప. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అనలేదు పెద్దలు. అట్టతో కడితేనే నా తల ప్రాణం తోకకొచ్చింది. పూర్తయ్యాక చూపించి ముగ్గుర్నీ ఆశ్చర్యపరచాలని, తలుపు వేసుకుని గుట్టుగా చేశాను.

ఆ రోజు తెల్లవారేసరికి పూర్తయింది. భోజనాల బల్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పి, కాసేపు నడుం వాల్చాను. అక్కడే కొంప మునిగింది.

నేను పడుకున్నాక ఏం జరిగిందో తర్వాత ముగ్గురినీ అడిగి అతికించుకున్నాను. ముందు బాబాయి నేల తడిగుడ్డ పెట్టి తుడిచాడు. టిఫిన్ పెట్టుకోవడానికి బల్ల కావాలి. గుడ్డ కింద ఏముందో తొంగి చూడలేదు మహానుభావుడు. "పిల్ల రాత్రీ పగలూ కష్టపడి చేసింది, పులుసు మరక పడితే ఎలా," అని జాలిపడి కిందికి దించాడు. నేల తడిగా ఉంది. అదేదో నానిపోతుందని ఇంకా జాలిపడి, కింద ఏదైనా వేద్దామని చూస్తే పొడిగా కనిపించింది ఎర్ర చాప ఒక్కటే. దాని మీద భద్రంగా పెట్టి, చేతులు దులుపుకుని, లారీ టైర్లు చూడ్డానికి వెళ్ళాడు. తర్వాత నానమ్మ వచ్చింది. చాప మీద ఏదో ఉంది. ఇల్లు మారుతున్న ఒక పళ్ళ డాక్టరుగారి పింగాణీ సామాను పొట్లాలు కట్టడానికి ముందు రోజే మా ఇంటికి వచ్చి ఉంది. ఇదీ వాళ్ళదే అనుకుని, ప్రాణం పెట్టి పొట్లం కట్టి డబ్బాలో పెట్టింది. చివరికి పిన్ని వచ్చి డబ్బా ఎత్తి లారీలో పెట్టింది. మొగుడూ పెళ్ళాం బయల్దేరిపోయారు. చూడండి, ఒక్కరైనా తప్పు చేశారా? ముగ్గురూ నా మేలు కోరినవాళ్ళే!

నేను లేచేసరికి పొద్దెక్కింది. బల్ల ఖాళీగా ఉంది. నానమ్మ వంటింట్లో కూనిరాగం తీస్తోంది.

"నానమ్మా, బల్ల మీద గుడ్డ కప్పి ఒకటి పెట్టాను, చూశావా?"

"బల్ల మీదా? ఏం లేదే. చాప మీద మాత్రం ఒక అట్ట ఇల్లు ఉంది. ఎంత ముద్దుగా ఉందో! డాక్టరమ్మగారిదనుకుంటా. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కట్టలేదు, చూసి తీరాలి నువ్వు."

"అయ్యో నానమ్మా, అది నాది! రెండింటికి అది బల్ల మీద లేకపోతే నేను ఇంటికి పోవాల్సిందే!" అని లబోదిబోమన్నాను. ఆవిడ చేతిలోని గరిటె కిందపడింది.

పిన్నికి ఫోన్ చేస్తే ఎత్తదు. బరువులు మోసేటప్పుడు ఫోన్ లారీలోనే పడేస్తుంది. నానమ్మ చెప్పులేసుకుంది. "డాక్టరు కొత్తిల్లు నాకు తెలుసు, పద," అని టేపు మిషన్ చేతబట్టుకుని బస్సెక్కింది. ఆ మిషన్ ఎందుకు అంటే, "అది లేకపోతే నాకు చేతులు లేనట్టుంటుంది," అంది. బస్సు ప్రతి మూలమలుపులో ఆగుతోంది. నేను గోళ్ళు కొరుక్కుంటుంటే ఆవిడ ఊరుకుందా! పక్క సీటాయన సంచి చిరిగితే అతికించింది. డ్రైవరు సీటు వెనక ఊగుతున్న రేకుకి రెండు వరసలు టేపు వేసింది. దిగేటప్పుడు డ్రైవరు దండం పెట్టాడు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

డాక్టరుగారి కొత్తింటి ముందు మా లారీ ఉంది. లోపల ఎక్కడ చూసినా డబ్బాలే. "నా ముడి నాకు తెలియదా," అంటూ నానమ్మ డబ్బాల మధ్య దూరిపోయింది. ఇంతలో డాక్టరమ్మ ఎదురొచ్చి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది.

"మీ కంపెనీవాళ్ళు ఎంత మంచివాళ్ళండీ! కొత్తింట్లోకి వస్తున్నామని కానుక పంపారు కదూ? విప్పడానికి మా ఆయన పళ్ళు పీకే పట్టకారు తేవాల్సొచ్చింది. చూడండి, ఎంత బాగుందో!"

షోకేసు పైన, మధ్యలో, నా ఇల్లు. లోపల చిన్న దీపం కూడా పెట్టి వెలిగించింది. నానమ్మ గది కిటికీ లోంచి పసుపుపచ్చ వెలుతురు వస్తోంది. నేను కట్టిన ఇల్లు కాపురం ఉన్నట్టు కనబడేసరికి, ఉన్న మాట చెప్పాలంటే, ఒక్క క్షణం కాలేజీని మర్చిపోయాను.

"అది కానుక కాదండీ, నా పరీక్ష," అన్నాను. డాక్టరమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. ఇవ్వనని అనలేదు గానీ షోకేసు ముందు నుంచి పక్కకి జరగలేదు.

అప్పుడే వీధి గుమ్మంలోకి ఫ్రిజ్ వచ్చింది. ముందు చివర పిన్ని, వెనక చివర బాబాయి. పిన్ని తల తిప్పింది. షోకేసు మీది ఇంటిని, దాని షెడ్డులోని లారీని, వాకిట్లోని చాపని చూసింది. కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో మొదటిసారి, బరువు చేతిలో ఉండగా, నాలుగో మాట వచ్చింది.

"ఏమయ్యా... అది మనిల్లు కదూ!"

"దించు మహాతల్లీ, దించు!" అని ఫ్రిజ్ వెనక నుంచి బాబాయి కేక. పిన్ని ఒక్కసారిగా దించేసింది. బాబాయి నడుం కలుక్కుమంది. ఫ్రిజ్ గుమ్మంలోనే ఉండిపోయింది. పిన్ని అదేమీ పట్టించుకోకుండా, వంగి నా ఇంటిని ఒక్కో గదీ చూసింది. అరుగు మీద వేలు పెట్టింది. మెట్ల మలుపు దగ్గర చాలాసేపు ఆగి, "తిరుగుతుంది," అంది తనలో తాను. లారీని చూసి చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది. "అత్తయ్యకి కింద గది. ఇది మాది. లారీకీ ఇల్లే. మరి నీ గదేదే?"

"నాకెందుకు పిన్నీ? ఇది రెండింటికల్లా కాలేజీలో పెట్టాల్సిన పరీక్ష. ఇల్లు మీకు. నేను చదువైతే వెళ్ళిపోయేదాన్నే కదా."

పిన్ని నడుం నిటారుగా నిలబెట్టింది. ఆవిడకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఎక్కు లారీ," అంది. ఆ గొంతు విని డాక్టరమ్మ కూడా ఆ ఇంటిని రెండు చేతులతో తీసి నా చేతిలో పెట్టేసింది. "ఫ్రిజ్ ఎలాగండీ?" అని డాక్టరుగారు లోపల్నుంచి అడుగుతున్నారు. "మా ఆయన ఇక్కడే ఉంటాడు," అని పిన్ని మొగుణ్ణి పూచీకత్తుగా వదిలేసింది. మేం వంటింటి తలుపులోంచి బయటపడ్డాం.

లారీ ముందు సీట్లో పిన్ని, నేను, మధ్యలో నానమ్మ, నానమ్మ ఒళ్ళో ఇల్లు. బండి కదిలిందో లేదో పిన్ని అంది: "అత్తయ్యా, మీ కాళ్ళ దగ్గర ఖాళీ డబ్బా ఉంది. చించండి. పిల్లకి గది కట్టండి."

"వద్దు పిన్నీ! తెల్ల అట్ట తప్ప ఇంకేమీ ఉండకూడదు! మా మేష్టారు నన్ను నమిలేస్తాడు!"

"నోర్మూసుకో. ఏడాదిగా మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకుని, ఇల్లంతా కట్టి నీకు చోటు లేదంటావా? ఆ మేష్టారు మా గురించి ఏమనుకుంటాడే? పిల్లని వసారాలో పడుకోబెట్టారనుకోడూ?"

నానమ్మకి ఈ వాదన భేషుగ్గా నచ్చింది. టేపు మిషన్ పళ్ళతోనే అట్ట కోసింది. లారీ గోతుల్లో ఎగురుతోంది, నేను "వద్దు, వద్దు" అంటున్నాను, ఆవిడ టర్రుమని టేపు లాగుతోంది. మేడ మీద, పిన్నీవాళ్ళ గది పక్కన, ఖాకీ రంగు గది ఒకటి లేచింది. ఒక గోడ పొడుగు, ఒకటి పొట్టి. ఒక వైపు అసలు గోడే లేదు. కాలేజీ గేటు కనబడింది. ఇంకేం చేస్తాను?

మెట్ల మీద ఆ ఇంటిని వాళ్ళిద్దరూ చెరో చివర పట్టుకుని బీరువాని మోసినట్టే మోశారు. అది పిల్లిపిల్లంత బరువు కూడా లేదు. "ఆగు." "తిప్పు." పిల్లలందరూ గోడకి అతుక్కుని దారి ఇచ్చారు. బల్ల మీద "దించు" అన్నప్పుడు, గంట కొట్టడానికి బంట్రోతు చెయ్యి ఎత్తి ఉంది.

స్కేలు మేష్టారు అందరి ఇళ్ళూ చూసుకుంటూ వచ్చాడు. తెల్లటి ఇళ్ళు వరసగా, మధ్యలో బొట్టు పెట్టినట్టు నా ఖాకీ గది. ఆయన ఆగాడు. గడ్డం కింది స్కేలు తీసి ఆ గది మీద పెట్టాడు.

"ఇదేమిటి?"

పొరపాటున అంటుకుందని చెప్పి పీకేయొచ్చు. టేపు కొస నా వేలి కిందే ఉంది. వెనక్కి చూశాను. తలుపు దగ్గర పిన్ని, నానమ్మ. పిన్ని నన్ను చూడట్లేదు, ఆ గదినే చూస్తోంది.

"అది నా గది, సార్," అన్నాను.

"తెల్ల అట్టే వాడమన్నాను కదా."

"ఇంట్లో ఉన్నదాంతోనే కట్టారు, సార్."

ఆయన వంగి లోపలికి చూశాడు. "దీనికి తలుపు లేదేం?"

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి నానమ్మ గొంతు. "తలుపెందుకు నాయనా? మా పిల్లే కదా!"

క్లాసంతా గొల్లుమంది. మేష్టారు మాత్రం నవ్వలేదు. ఆయన నానమ్మని చూశాడు, ఆవిడ చేతిలోని టేపు మిషన్‌ని చూశాడు, మళ్ళీ ఆ గదిని చూశాడు. "ఖాకీ అట్టకి మార్కులు కోస్తాను," అన్నాడు. కోశాడు కూడా. కోయగా మిగిలినవాటితో నేను గట్టెక్కాను.

బయటికొచ్చి ముగ్గురం లారీ పక్కన పిచ్చివాళ్ళలా నవ్వాం. నానమ్మ నా బుగ్గకి టేపు అంటించింది. పిన్ని నన్ను అమాంతం ఎత్తి గిర్రున తిప్పి దించింది. కాసేపటికి నానమ్మ నవ్వు ఆపి, "ఏదో మర్చిపోయాం," అంది. ముగ్గురం మొహాలు చూసుకున్నాం.

బాబాయి!

మేం వెళ్ళేసరికి ఫ్రిజ్ ఇంకా గుమ్మంలోనే ఉంది. దాని పక్కన స్టూలు మీద నడుం పట్టుకుని బాబాయి, ఎదురుగా డాక్టరుగారు. బాబాయి పిల్లి కథ చెబుతున్నాడు, అప్పటికి ఎన్నోసారో. డాక్టరుగారి మొహం చూస్తే పన్ను నొప్పి ఆయనకే వచ్చినట్టుంది.

"పాసయ్యావా?" అన్నాడు బాబాయి.

"అయ్యాను బాబాయ్."

"హమ్మయ్య! నేను ఆ చాప మీద పెట్టకపోయుంటే..." అని ఏదో గొప్ప చెప్పబోయి లేవబోయాడు. నడుం లేవనివ్వలేదు. "అబ్బా! నా వల్ల కాదే," అని కూలబడ్డాడు.

పిన్ని ఫ్రిజ్ వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. భుజాన ఉన్న బరువులెత్తే పట్టీ తీసి రెండో కొస నా వైపు విసిరింది.

"గాజుబొమ్మా, ఆ చివర పట్టుకో."

"అమ్మాయ్, అది పగిలే సరుకే!" అని నానమ్మ అడ్డం వచ్చింది.

"పగిలేదే అయితే, పొద్దున్నుంచి మనం పెట్టిన కుదుపులకి ఎప్పుడో పగిలేది. జరగండి అత్తయ్యా."

పట్టీ భుజానికి వేసుకున్నాను. మోకాళ్ళు వంచి ఎత్తాను. బాబోయ్, ఎంత బరువో! బియ్యం బస్తా దీని ముందు దూదిపింజ.

"ఆగు," అంది పిన్ని. ఆగాను.

"తిప్పు." తిప్పాను.

బరువు చేతిలో ఉంది కాబట్టి నాలుగో మాట రాకూడదు. లేకపోతే ఆ నిమిషంలో నా నోట్లోంచి ఎన్ని మాటలు వచ్చేవో! కళ్ళలోంచి కారుతున్నది తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ముక్కు మీద నుంచి అలాగే కారనిచ్చాను.

"దించు," అంది పిన్ని.

దించాను.